పాల్ సార్ ఆఖరి సూది

మా తాత ఆనంద్ పాల్ అందగాడు కాదు. పొడుగు మెడ, బోడి తల, ముందుకు వంగిన భుజాలు. ఆదివారం సాయంత్రం మిద్దె మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఎదుటి చెట్ల మీది రాబందులను లెక్కపెడుతుంటే, ఈయన వాటిని లెక్కపెడుతున్నాడా, అవే ఈయనను తమ లెక్కలో కలుపుకుంటున్నాయా అని నాకు అనుమానం వచ్చేది. ఆ మాట ఒకసారి ఆయనతోనే అన్నాను. కోపం రాలేదు.

"కలుపుకుంటే మంచిదే గదనే జెర్లీ. ఒకటి పెరుగుతది," అన్నాడు.

మేం కిరాయికున్న ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉండేది. మా మిద్దెకు ఆనుకుని ఒక పాత దేవిడి, నవాబుల కాలం నాటి బంగళా. దాని వారసులు ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడుకుంటున్నందువల్ల లోపల ఎవరూ ఉండేవారు కాదు. సగం కప్పు కూలింది. ఆవరణలో మూడు పెద్ద మద్దిచెట్లు, వాటి మీద రాబందుల గూళ్లు. పగలంతా ఎక్కడెక్కడో తిరిగి సాయంత్రానికి అవి ఇల్లు చేరేవి. రైళ్ల కూతలకు అవి అలవాటు పడ్డాయి. వాటి రెట్టల వాసనకు మేం అలవాటు పడ్డాం. మా నానమ్మ డోరా మాత్రం పడలేదు.

"వాక్యంలో అపవిత్రమని రాసిన పక్షి కోసం సాయంత్రం ప్రార్థన కూడిక ఎగ్గొడ్తవా? పాస్టరయ్య అడిగితే నేనేం చెప్పాలె?" అని మెట్ల కింద నుంచి అరిచేది.

"లెక్క రాస్తున్నడని చెప్పు."

"నీ లెక్క గూడ తీస్తడు దేవుడు ఒకనాడు."

"తియ్యనీ. గని మూడుసార్లు తియ్యమను డోరా. ఒక్కసారికే రాసుకుంటే తప్పు పోతది."

తాత నిజంగానే మూడుసార్లు లెక్కపెట్టేవాడు. ప్రతి ఆదివారం ఐదున్నరకు, మిద్దె మీద అదే మూలన కూర్చుని, పది నిమిషాలకొకసారి. మూడింటిలో పెద్ద అంకెను నోటుబుక్కులో రాసేవాడు. పెద్ద పక్షులు ఎన్ని, పిల్లలు ఎన్ని, గూళ్లు ఎన్ని, ఎన్ని గూళ్లలో పక్షి కూర్చుని ఉంది, ఇవన్నీ వేరువేరు గళ్లలో. వాన పడినా మానేవాడు కాదు. గొడుగు నాకిచ్చి తను తడిసేవాడు.

ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఆయన ముప్పై నాలుగేళ్లు పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా చేశాడు. ఒకసారి అటవీ శాఖ వాళ్లు మీ చుట్టుపక్కల ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో రాయమని దవాఖానకు ఒక ఫారం పంపారట. డాక్టరు దాన్ని చెత్తబుట్టలో వేస్తే తాత ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అది ఏడాదికి ఒక్కసారి నింపాల్సిన ఫారం. రిటైరయ్యాక తాత వారం వారం నింపడం మొదలుపెట్టాడు. మొదటి పేజీలో 1993 జనవరి మూడో తేదీ, అరవై మూడు రాబందులు.

మా అమ్మానాన్నలు మెదక్‌లో మిషన్ హాస్టల్లో పనిచేసేవారు. పట్నంలో చదివితే బాగుపడతానని నన్ను ఆ ఏడాదే తాత దగ్గర వదిలారు. నేను బాగుపడలేదు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాను. అలాంటి దాన్ని పట్టుకుని మా తాత ఎడమ వైపు చెట్టు లెక్క నాకు అప్పజెప్పాడు. ఒకసారి, నాకు పద్నాలుగేళ్లప్పుడు, ఆయన ముఖం దిగులుగా ఉందని నా చెట్టుకు నాలుగు పక్షులు కలిపి చెప్పాను. తాత పెన్సిల్ ఆపాడు.

"తొమ్మిదా? నాకు ఐదే కనబడ్డయ్."

"నా చెట్టు నువ్వెందుకు లెక్కపెడ్తున్నవ్ మరి?"

"మొన్న పరీక్షల నువ్వు లెక్కల ఫెయిలైనవు గాబట్టి," అని, మెల్లగా చెప్పాడు. "లేని పక్షిని రాసినవనుకో, ఉన్నది పోయినప్పుడు ఎవ్వనికీ తెల్వది బిడ్డా. గట్ల చెయ్యకు."

ఆ దిగులు ఎందుకంటే, అప్పటికే పక్షులు తగ్గిపోతున్నాయి. దాన్ని చెప్పాలంటే ఎద్దుల కొట్టం సంగతి చెప్పాలి.

ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు లాగే ఎద్దుల బండ్లు ఉండేవి. ట్రాలీ ఆటోలు వచ్చాక బండ్లు పోయాయి, ఎద్దులు మిగిలాయి. పప్పుల వ్యాపారి వామన్‌రావు తండ్రి అలాంటి ముసలి ఎద్దుల కోసం అఫ్జల్‌గంజ్ దాటి మూసీ వెంట కిందికి వెళితే వచ్చే ఖాళీ జాగాలో ఒక కొట్టం కట్టించాడు. తండ్రి పోయాక వామన్‌రావే చూసుకునేవాడు. అక్కడ ఒకటే నియమం, పశువు ప్రాణం మనిషి చేత్తో తీయకూడదు. ఎంత బాధపడుతున్నా సరే, దానంతట అదే పోవాలి. వారానికి మూడు రోజులు తాత అక్కడికి వెళ్లి ఊరికే వైద్యం చేసేవాడు. లేవలేక పడిపోయిన ఎద్దు ఐదారు రోజులు పళ్లు కొరుకుతూ, కళ్లలోంచి నీళ్లు కారుస్తూ పోయేది. ఆ రోజుల్లో తాత ఇంటికొచ్చి అన్నం తినేవాడు కాదు.

1994లో ఒక కొత్త సూది మందు వచ్చింది. డైక్లోఫెనాక్. మనుషులకు నడుం నొప్పికి వాడేదే, పశువులకు కూడా వేయొచ్చన్నారు. తాత మొదటిసారి వేసిన ఎద్దు అరగంటలో పళ్లు కొరకడం ఆపింది. ఇంకో గంటకు మేత అందుకుంది. ఆ సాయంత్రం తాత ఇంటికి వస్తూ వస్తూ ఆబిడ్స్‌లో నానమ్మకు జామూన్లు కొనుక్కొచ్చాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో అది రెండోసారో మూడోసారో అని నానమ్మ లెక్క.

అప్పటినుంచి ఆయన ఒక అలవాటు పెట్టుకున్నాడు. ఇక లేవదని తేలిన పశువుకు చివరి రోజు ఆ సూది వేసేవాడు. రెండు పూటలా వేసేవాడు.

"బతికించుడు నాతోని కాదు. ప్రాణం తీసుడు ఈడ కుదరదు. ఏడ్వకుంట పొయ్యేతట్టన్న చేస్త," అని వామన్‌రావుతో అన్నాడు.

"పుణ్యాత్మునివి పాల్ సాబ్," అని వామన్‌రావు చేతులు జోడించాడు. కొట్టం చుట్టుపక్కల దానికి పేరు కూడా పడింది. పాల్ సార్ ఆఖరి సూది. వేరే వాడల నుంచి కూడా ముసలి బర్రె ఉన్నవాళ్లు, ఆవు ఉన్నవాళ్లు వచ్చి, జర ఆఖరి సూది ఎయ్యి సారూ అని పిలుచుకుపోయేవారు. కొట్టం కావలి సాయన్నకు సూది ఎక్కడ గుచ్చాలో, ఎంత ఎక్కించాలో తాతే నేర్పాడు, తను లేని రోజు పశువుకు ఇబ్బంది కాకూడదని.

పశువు చనిపోయాక రాజమల్లు వచ్చి తోలు తీసుకునేవాడు. ఆయన పని ముగించి కత్తి కడుక్కునేలోగా పైన ఆకాశంలో చుక్కలు తిరిగేవి. తర్వాత రాబందులు దిగేవి. ఎద్దు ఎముకల గూడుగా మారడానికి ఎంతసేపు పట్టిందో తాత గడియారం చూసి రాసేవాడు. "నా కంటె సాఫ్‌గ చేస్తయ్ ఇవి," అని రాజమల్లు మెచ్చుకునేవాడు.

1996లో మొదటిసారి ఒక రాబందు తల వేలాడేసుకుని కూర్చుంది. నిద్రపోతోందనుకున్నాం. మరుసటి ఆదివారానికి అది కొమ్మల మధ్య తలకిందులుగా ఇరుక్కుని ఉంది. తర్వాత రెండు. తర్వాత గుడ్డు మీద కూర్చున్నది అలాగే కూర్చుని పోయింది. నోటుబుక్కులో అరవై మూడు నలభై ఎనిమిది అయింది. రెండేళ్లకు ఇరవై ఏడు.

దేవిడి గోడ ఇవతల పడిన ఒక పక్షిని తాత మిద్దె మీదికి తెచ్చి కోశాడు. నానమ్మ ఆ వారం ఆయనతో మాట్లాడలేదు, ఆ కత్తిని మూడు వీధుల అవతల పారేసింది. నేను దీపం పట్టుకున్నాను. లోపల కాలేయం మీద, మూత్రపిండాల మీద సున్నం కొట్టినట్టు తెల్లని పొర.

"కోళ్లకు కిడ్నీ చెడితే గిట్లనే ఉంటది. ఏదో తింటున్నయ్. లేకపోతె ఏదో తాగుతున్నయ్," అన్నాడు తాత. మూసీలో కలిసే ఫ్యాక్టరీ నీళ్లేమో అనుకున్నాడు. సీసాల్లో నీళ్లు పట్టి, లేఖలు రాసి, కనపడిన ప్రతి ఆఫీసుకూ పంపాడు. ఒక్క జవాబు రాలేదు. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ కూడా వెతికేవాడు. అట్టలు లేని పక్షుల పుస్తకం ఒకటి దొరికింది. రాబందుల పేజీలు ఎవరో చింపుకుపోయారు. తాత రిక్షాలో ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. నేను నవ్వాను. పదిహేనేళ్ల పిల్లకు ముసలాయన పుస్తకం కోసం ఏడిస్తే నవ్వే వస్తుంది.

తర్వాత ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆకలితో నీరసించి ఉంటాయి, కడుపునిండా తింటే తట్టుకుంటాయేమో అని. అప్పటిదాకా కొట్టంలో చనిపోయిన పశువుల్లో సగం మునిసిపాలిటీ బండి తీసుకుపోయేది. తాత వామన్‌రావు కాళ్లావేళ్లా పడి బండిని మాన్పించాడు. ప్రతి పశువూ రాబందులకే అన్నాడు. తనే దగ్గరుండి దింపించేవాడు, అవి దిగితే దూరం నుంచి చేతులు కట్టుకుని చూసేవాడు, పెళ్లి భోజనాల్లో పెళ్లికూతురు తండ్రిలా.

2000లో పదకొండు. 2002లో ఐదు. 2004 వర్షాకాలానికి రెండు మిగిలాయి. నవంబరులో ఆ రెండూ మధ్య మద్దిచెట్టు మీద పాత గూటికి పుల్లలు తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. రాబందుల్లో మగా ఆడా చూసి చెప్పలేం. ఒకదానికి ఎడమ రెక్కలో ఈక విరిగి ఉండేది, మాకు అదే గుర్తు. తాత మళ్లీ కూడికలకు వెళ్లడం మొదలుపెట్టాడు. పాస్టరయ్య సంతోషించాడు కానీ, ఆయన ఎవరి కోసం ప్రార్థన చేస్తున్నాడో నాకు తెలుసు.

డిసెంబరులో ప్రణవి అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. యూనివర్సిటీలో రాబందుల మీద పరిశోధన చేస్తోంది. తాత ఏళ్ల క్రితం రాసిన లేఖల్లో ఒకటి ఏదో ఆఫీసు బీరువాలో ఆమెకు దొరికిందట. పన్నెండేళ్ల నోటుబుక్కులు చూసి ఆమె నేల మీదే కూర్చుండిపోయింది.

"సార్, ఇట్లా వారం వారం లెక్క రాసినోళ్లు నాకు ఇప్పటిదాకా ఎవరూ కనపడలేదు," అంది.

తాత చెవులు ఎర్రబడ్డాయి. నానమ్మ చాయ్ తెచ్చింది, మంచి కప్పుల్లో. ప్రణవి చాయ్ తాగుతూ, అవి ఎక్కడ తింటాయి, ఆ పశువులకు ఏ మందులు వేస్తారు అని అడిగింది. తాత ఇంకా ఉత్సాహంగా కొట్టం వైద్యం పుస్తకం కూడా తీసి ఇచ్చాడు. ఆయన రాయని పని ఉండదు కదా. ఏ పశువుకు ఏ రోజు ఏ సూది వేశాడో అంతా ఉంది. ప్రణవి రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కప్పు కింద పెట్టేసింది.

"ఈ డైక్లోఫెనాక్... చనిపోయే ముందు వేసేవారా సార్?"

"ఆఖరి దినం. నొప్పి లేకుండ పోవాలె గదమ్మా."

ఆమె రెండు పుస్తకాలూ మూసింది. తర్వాత చాలా మెల్లగా, తల వంచుకునే చెప్పింది. పక్క దేశంలో శాస్త్రవేత్తలు కనిపెట్టారట. ఆ మందు పశువుకు మంచిదే, రాబందుకు విషం. ఆ మందు ఉన్న మాంసం తింటే వాటి కిడ్నీలు పాడై, రెండు మూడు రోజుల్లో లోపలంతా తెల్లగా పేరుకుపోతుంది.

"మందు పడ్డాక పశువు బతికితే భయం లేదు సార్. వారం పది రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో చనిపోతేనే..."

తాత తన కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు, అది ఎవరిదో చెయ్యి అయినట్టు. స్టేషన్లో బండి వచ్చింది, పోయింది.

"అరవై ఒకటి పొయినయ్," అన్నాడు చివరికి.

"అన్నీ మీ కొట్టం వల్లే కాకపోవచ్చు సార్. దేశమంతా వాడుతున్నారు."

"నేనైతే మునిసిపాలిటీ బండి బంద్ వెట్టించి మరీ తినిపించిన గదమ్మా."

మరుసటి రోజు కొట్టం బీరువాలో ఉన్న సూది సీసాలన్నీ తాత ఇటుక మీద పెట్టి పగలగొట్టాడు. దానికి బదులు ఇంకో మందు ఉందా అని ప్రణవిని అడిగితే, పరీక్షలు జరుగుతున్నాయి, రాబందులకు ఏది మంచిదో ఇంకా తేలలేదు అంది. జనవరిలో మద్దిచెట్టు గూట్లో గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. బూడిద రంగు నూగుతో గుప్పెడంత తల. ప్రణవి దుర్భిణిలో చూసి చప్పట్లు కొట్టింది. తాత కొట్టలేదు. "ఈ మూడింటికి నేను బాకీ," అన్నాడు. "మందు పడని పశువు దొరకాలె. ఒక్కటన్న దొరకాలె."

దొరికే పశువు ఏదో ఆయనకు తెలుసు. కొట్టంలో బాద్షా అనే తెల్ల ఎద్దు ఉండేది, సాయన్న ప్రాణం. సాయన్నకు పిల్లల్లేరు. బండి తోలే రోజుల నుంచీ ఆ ఎద్దు ఆయనదే, ఎద్దుతో పాటే ఆయన కూడా కొట్టంలో చేరాడు. ఫిబ్రవరిలో ఒక గురువారం బాద్షా పడిపోయింది. తుంటి జారింది, ఇక లేవదు.

సాయన్న తాత చేతులు పట్టుకున్నాడు. "సార్, ఒక్కటి ఎయ్యి సార్. ఆఖరి సూది."

"ఎయ్య సాయన్నా."

"అన్నిటికి ఏసినవు. నా బాద్షాకు ఎందుకెయ్యవు?"

తాత అంతా వివరించాడు. పక్షులు, పిల్ల, విషం. సాయన్న విన్నాడు. విని, "పక్షుల కోసమని నా ఎద్దు ఏడ్వాల్నా?" అన్నాడు. తాత పొయ్యి రాజేశాడు. ఇటుకలు వేడిచేసి, గోనెసంచిలో చుట్టి తుంటికి కాపడం పెట్టాడు. ఉప్పునీళ్లతో పుండ్లు కడిగాడు. గంటకొకసారి పక్కకు తిప్పించాడు. బాద్షా పళ్లు కొరుకుతూనే ఉంది. రాళ్లు రాసుకున్నట్టు ఉండేది ఆ చప్పుడు. శుక్రవారం ఆబిడ్స్‌లో నేను పనిచేసే బట్టల షాపులో సెలవు పెట్టి టిఫిన్ తీసుకెళ్తే, తాత దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"తినవా?" అన్నాను.

"అది తింటలేదు గద."

"నీకు డెబ్బయ్యొక్క ఏండ్లు తాతా. నువ్వు గూడ పడితే రెండు ఎడ్లను చూసుకుంట కూసోవాలె నేను."

నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడు. చీకటి పడేవేళకు నేనే బలవంతంగా ఇంటికి తీసుకొచ్చాను. బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి, "ప్రభువా, దాన్ని తొందరగ తీస్కపో," అని గొణుగుతూనే ఉన్నాడు.

శనివారం పొద్దున్నే వెళ్లేసరికి బాద్షా పోయింది. కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని, నిద్రలో పోయినట్టుంది. తాత టోపీ తీశాడు. "విన్నడు," అన్నాడు, దేవుడి గురించి. రాజమల్లు వచ్చి పని మొదలుపెట్టాడు. ప్రణవికి ఫోను చేశాం. ఎండ ఎక్కేదాకా మేం కంచె దగ్గర కూర్చున్నాం. పది దాటాక పైన ఒక చుక్క. తర్వాత రెండోది. తాత నా మోచెయ్యి పట్టుకున్నాడు, నొప్పి పుట్టేలా. ఎడమ రెక్క ఈక విరిగినది ముందు దిగింది, గెంతుతూ దగ్గరకొచ్చి ముక్కు లోపల పెట్టింది. రెండోది పది అడుగుల దూరంలో నిలబడింది.

సాయన్న మాకు వెనకగా వేపచెట్టు కింద కూర్చుని ఏడుస్తున్నాడు. ఓదార్చాలని వెళ్లాను.

"మంచిగనే పోయింది గద కాకా. నిమ్మళంగ పోయింది. ఏడ్వకు."

"నిమ్మళంగనే పంపిన బిడ్డా," అన్నాడు సాయన్న. "తాత తోని చెప్పకు. ఒక్క సీస నా పెట్టెల దాసిన. నిన్న నువ్వు తాతను తోల్కపోయినంక ఏసిన. తెల్లారంగ ఇంకోటేసిన. అప్పుడు పళ్లు కొరుకుడు బందయింది."

తాతకు చెప్పకుండా ఉండిపోవాలని నాకనిపించింది. ఒక్క క్షణం కాదు, మూడు నాలుగు క్షణాలు నిలబడే ఉన్నాను. ముసలాయన ముఖం మీద తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఆ వెలుగు పోకూడదని. ఆ నాలుగు క్షణాలు ఇప్పటికీ నా మెడ మీద ఉన్నాయి. తర్వాత పరుగెత్తాను.

"తాతా! సూది పడ్డది! సాయన్న ఏసిండు!"

తాతకు మాట అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. మరుక్షణం కంచె దాటి ఉన్నాడు. కింద నుంచి రాళ్లు ఏరుతూ, విసురుతూ, "హేయ్! పో! పోండి! తినకుండి!" అని గొంతు చించుకుని అరుస్తూ ఆయన రాబందుల మీదికి పరుగెత్తాడు. చెప్పు ఒకటి ఊడిపోయింది. రెండో పక్షి వెంటనే ఎగిరిపోయింది. ఈక విరిగినది తల ఎత్తి చూసింది, నోట్లో ఎర్రటి ముక్కతో. ఆయనను ఎన్నో ఏళ్లుగా చూసిన పక్షి, బెదరలేదు. తాత దగ్గరకెళ్లి రాయి సూటిగా దాని ఛాతీకి వేసి కొట్టాడు. అప్పుడు లేచింది. ఆయన బురదలో మోకాళ్ల మీద పడి, ఆకాశంలోకి ఇంకా రాళ్లు విసురుతూనే ఉన్నాడు. రాజమల్లు వచ్చి చెయ్యి పట్టుకుంటే గానీ ఆగలేదు.

సాయన్న వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. తాత ఆయన తల మీద చెయ్యి పెట్టాడు.

"నీ తప్పు లేదు సాయన్నా. నేర్పినోన్ని నేను."

రాజమల్లు, నేను, అప్పటికి వచ్చి చేరిన ప్రణవి కలిసి బాద్షాను గొయ్యి తీసి పాతిపెట్టాం. సోమవారం సాయంత్రానికి ఈక విరిగిన పక్షి గూటి పక్క కొమ్మ మీద తల వేలాడేసింది. తాత మిద్దె మీదే ఉండిపోయాడు. మధ్య మధ్య అది తల ఎత్తి, ఎవరో పిలిచినట్టు చుట్టూ చూసి, మళ్లీ దించేసేది. మంగళవారం పొద్దున కింద దేవిడి ఆవరణలో పడి ఉంది. గూట్లో పిల్ల ఆకలికి సన్నగా బుసకొడుతోంది.

పిల్లను తీసి, ఉత్తరాదిన రాబందులను పెంచి వదిలే చోటికి పంపాలని ప్రణవి చూసింది. అనుమతి కాగితం కోసం బషీర్‌బాగ్‌లో ఆమె ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. కాగితం రాలేదు. మిగిలిన పక్షి దూరం పోతే పిల్లను కాకులు పొడుస్తాయి, పోకపోతే ఆకలి. అందుకని మేమే మాంసం పెట్టాలనుకున్నాం. రాజమల్లు కబేళా దగ్గర నిలబడి ప్రతి పశువు యజమానినీ అడిగేవాడు, ఈ నెలలో ఏ సూదన్నా వేశావా అని. లేదన్నవాళ్ల దగ్గరే ముక్కలు తెచ్చేవాడు. దేవిడిలో మిగిలిన సగం కప్పు మీద వాటిని పెట్టాం.

పక్షి రాలేదు. చెట్టు మీది నుంచి చూసేది, తాత వైపు చూసేది, రెక్కలు సర్దుకుని అలాగే కూర్చునేది. ఒక రోజు, రెండు రోజులు. మూడో రోజు పిల్ల బుస కూడా వినపడడం తగ్గింది.

"తాతా," అన్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు. "నువ్వు జర కిందికి పోతవా?"

"ఎందుకు?"

"నిన్ను చూసే దిగుతలేదేమో."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత నోటుబుక్కు, పెన్సిల్ నా చేతిలో పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా మెట్లు దిగాడు. ఆయన బోడి తల మెట్ల కింద మాయమైన పావుగంటకు పక్షి కప్పు మీద దిగింది.

ఆ తర్వాత రెండున్నర నెలలు తాత మిద్దె ఎక్కలేదు. ఉక్కపోతలో కూడా కింది గదిలోనే కూర్చునేవాడు. మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని, నేను దిగగానే అడిగేవాడు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఎంత తిన్నది?"

"మస్తు తిన్నది. నీ లెక్కనే, నమలకుండ మింగుతది."

"పిల్ల?"

"పిల్లకు పెట్టింది. ఇయ్యాల రెక్కలు ఇట్ల ఊపింది," అని చేతులు ఊపి చూపించేదాన్ని. ఆయన నా చేతుల వైపు అలా చూస్తుండేవాడు. నానమ్మ ఆయన చెమట తుడిచేది. అవి అపవిత్రమైనవన్న మాట ఆమె నోట్లోంచి మళ్లీ రాలేదు. సాయన్న రోజూ పొద్దున్నే వచ్చి వాకిట్లో కూర్చునేవాడు.

ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున పిల్ల గూటి అంచు మీదికి వచ్చి నిలబడింది. గంటసేపు నిలబడింది. తర్వాత కింద పడిపోతున్నట్టే పడి, దేవిడి కప్పుకు జానెడు ఎత్తున రెక్కలు తెరుచుకుని, స్టేషన్ రేకుల మీదుగా పైకి లేచింది. పెద్ద పక్షి దాని వెంట వెళ్లింది. నేను మెట్లు రెండేసి దిగాను.

"ఎగిరింది తాతా! ఎగిరింది!"

ఆయన లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. నానమ్మ "స్తోత్రం" అంది. సాయన్న రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు.

"ఎటు పోయింది?" అన్నాడు తాత.

"మూసీ దిక్కు."

"పైన ఇంకో రాబందు ఏమన్న కనబడ్డదా? దూరంల గాని?"

మూడుసార్లు చూశాను, ఆయన నేర్పినట్టే. "లేదు తాతా. ఈ రెండే."

ఆయన ముఖంలో సంతోషం ఉండాల్సిన చోట ఏదో తడుముకుంటున్నట్టు ఉంది. లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆ మూసీ వెంట ఇంకా ఎన్ని కొట్టాలున్నాయో, ఎన్ని ముసలి బర్రెలకు రేపు ఆఖరి సూది పడబోతోందో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. ఒంటరిగా పంపడం ఇష్టం లేక వెంట వెళ్లాను.

అఫ్జల్‌గంజ్‌లో పశువుల మందుల షాపు ముందు ఆగాడు. ఇరవై ఏళ్లుగా తెలిసిన షాపు. ఆ మందు అమ్మొద్దని చెప్పాలని వచ్చాడు, దారంతా ఎలా చెప్పాలో నా మీద అభ్యాసం చేస్తూ వచ్చాడు. షాపాయన ఆయనను చూడగానే ముఖం విప్పార్చుకుని లేచి నిలబడ్డాడు.

"పాల్ సారూ! ఎన్ని దినాలాయె! నీ సూదులే గద, కొత్త మాల్ వచ్చింది. అందరు నీ పేరు చెప్పే కొంటున్నరు. ఎన్ని డబ్బలు కట్టాలె?"